గానయోగి ఘంటసాల

దిగువ కృష్ణా డెల్టా పైరుపంటలకే గాక ఆటపాటలకూ పుట్టినిల్లు. సిద్ధేంద్రయోగి పేరుతో ముడిపడిన కూచిపూడి, క్షేత్రయ్య పదాలతో పునీతమైన మొవ్వ ఈ సీమలోనివే. నారాయణతీర్థుల తరంగాలను కూచిపూడి కళాకారులు ఇత్తడి పళ్లెం అంచున నిలిచి ఆడితే, చుట్టుపట్ల పల్లెల్లోని భాగవతులు భజనగోష్ఠులలో మృదంగం వాయిస్తూ పాడేవారు. అట్టి గాయకులలో ఘంటసాల సూరయ్య ఒకరు. సూరయ్య, రత్తమ్మ దంపతులకు 1922 డిసెంబరు 4న గుడివాడ ప్రాంతంలోని చౌటపల్లిలో వేంకటేశ్వరరావు జన్మించారు.

తండ్రి భుజాలపై ఎక్కి భజనలకు వెళ్లిన ఆ బాలుడు తరంగాలకు అనుగుణంగా అడుగులు వేసి బాలభరతుడనిపించుకున్నాడు. పదకొండేళ్ల ప్రాయంలోనే తండ్రిని కోల్పోయాడు. కుమారుడు గొప్ప సంగీత విద్వాంసుడు కావాలన్నది సూరయ్య చివరి కోరిక. మేనమామ ర్యాలి పిచ్చిరామయ్య ఆ కుటుంబాన్ని చేరదీశారు. తండ్రి కోరిక మాత్రం ఆ బాలుణ్ణి నిలువనీయలేదు. వేలి ఉంగరం అమ్మి, ఆ సొమ్ముతో విజయనగరం చేరాడు. పట్రాయని సీతారామశాస్త్రి గారు ఆ బీద విద్యార్థికి గురువై ఆశ్రయమిచ్చారు. భుజాన జోలె వేసుకొని ఇంటింటా మధుకరం ఎత్తుకొంటూ ఆయన సంగీతవిద్యను పూర్తి చేశారు. 1942లో క్విట్ ఇండియా ఉద్యమంలో పాల్గొని బళ్లారి అలీపురం జైలులో శిక్ష అనుభవించారు. 1944లో సావిత్రి గారిని వివాహమాడారు.

అటుపై మద్రాసు చేరిన ఘంటసాల గాయకునిగా, సంగీత దర్శకునిగా తెలుగు చలనచిత్ర రంగంలో అగ్రస్థానాన్ని అధిష్ఠించారు. కూచిపూడిలో పుట్టిన వేదాంతం రాఘవయ్య దర్శకత్వం వహించిన ‘దేవదాసు’ (1953)లో కథానాయకుని వేదనకు గొంతునిచ్చారు. ఆ దర్శకునిదే అయిన ‘రహస్యం’ (1967)లో గిరిజాకల్యాణ యక్షగానానికి స్వరరచన చేశారు. బాల్యంలో తాను అడుగులు వేసిన సంప్రదాయానికి ఆయన చెల్లించిన రుణమది. 1970లో భారత ప్రభుత్వం ఆయనను పద్మశ్రీ పురస్కారంతో గౌరవించింది. 1971లో ఐరోపా, అమెరికాలలో ఆయన కచేరీలు చేశారు.

ఇంతటి ప్రాభవం నడుమ ఆయన శరీరాన్ని మధుమేహం ఆశ్రయించింది. ఘంటసాల జన్మించిన 1922వ సంవత్సరంలోనే ప్రపంచంలో తొలిసారి ఒక మధుమేహ రోగికి ఇన్సులిన్ ఇచ్చారు. అంతకుముందు ప్రాణాంతకమైన వ్యాధి, ఆపై మందుతోను, పథ్యంతోను నెట్టుకురావలసిన వ్యాధిగా మారింది. అయినా నేటివలె ఇంటిలోనే రక్తంలోని చక్కెరను కొలుచుకొనే పరికరాలు ఆనాటి కుటుంబాలకు అందుబాటులో లేవు. ఈ వ్యాధి వైద్యశాలలో మొదలై అక్కడే ముగిసేది కాదు. అది వంటింటిలో ప్రవేశిస్తుంది. భోజన వేళలను, నిద్రను, ప్రయాణాలను శాసిస్తుంది. రోగి ఒక్కడే దానిని మోయలేడు, ఇల్లంతా పాలు పంచుకోవాలి. పైగా చాపకింద నీరులా గుండెను దెబ్బతీయడం దాని స్వభావం. వేళకు తిండి, వేళకు విశ్రాంతి కోరే ఈ జబ్బుకు, వేళాపాళా లేని పాటల రికార్డింగులకు పొత్తు కుదరదు. గాయకునికి ఊపిరే ధనం. దానినే పొదుపుగా వాడుకోవలసిన స్థితి ఘంటసాలకు ఏర్పడింది.

1972లో హైదరాబాదు రవీంద్రభారతిలో కచేరీ చేస్తుండగా ఆయనకు గుండెనొప్పి వచ్చింది. చాలా రోజులు ఆసుపత్రిలో చికిత్స పొందవలసి వచ్చింది. కోలుకున్న తరువాత పాటను పూర్తిగా విడిచి విశ్రమించడం ఒక మార్గం. మిగిలిన శక్తిని ఎంచుకున్న పనికి వినియోగించడం మరొక మార్గం. ఘంటసాల రెండవదానినే ఎన్నుకున్నారు. భగవద్గీతను గానం చేయాలన్నది ఆయన వాంఛ. ఎంపిక చేసిన శ్లోకాలను, వాటి తెలుగు తాత్పర్యాలను తన కంఠంతో రికార్డు చేశారు. సినిమా పాటలు తగ్గించుకున్నా, 1973లో విడుదలైన ‘భక్త తుకారాం’, ‘జీవన తరంగాలు’ చిత్రాలలో ఆయన గళం వినిపించింది.

1974 ఫిబ్రవరి 11న, యాభై రెండేళ్లు నిండకుండానే, మద్రాసులో ఘంటసాల కన్నుమూశారు. ఆయన పాడిన భగవద్గీత మరణానంతరం విడుదలై తెలుగువారి ఇంటింటా ప్రవేశించింది. దేవాలయ ప్రాంగణాలలోను, ఆప్తులను కోల్పోయిన ఇళ్లలోను నేటికీ అది వినబడుతూనే ఉంటుంది. 2003లో తపాలా శాఖ ఆయన స్మారకంగా తపాలా బిళ్లను వెలువరించింది. విజయవాడలోని ప్రభుత్వ సంగీత కళాశాల ఆయన పేరును ధరించింది.

దేహానికి వచ్చిన రోగం ఘంటసాల ఆయుర్దాయాన్ని తగ్గించింది. పాడదలచినదానిని పాడకుండా ఆయనను ఆపడం మాత్రం దానికి సాధ్యం కాలేదు. జోలె పట్టి నేర్చిన విద్యను చివరి ఊపిరి వరకు పదిమందికి పంచడంలోనే ఆయన జీవితం ధన్యమైంది.