అడిగి ఇల్లు కట్టిన ఆర్కిటెక్ట్

ఇంటి ప్లాను గీయించేటప్పుడు హాలు ఎంత ఉండాలి, బండి ఎక్కడ పెట్టాలి అని మగవాళ్ళు గంటలు గంటలు మాట్లాడుకుంటారు. వంటింటి కిటికీ ఎటు పెట్టమంటారని మాత్రం మనల్ని ఎవరూ అడగరు. తీరా గృహప్రవేశం అయ్యాక, పడమటెండకి స్టవ్ ముందు చెమటలు కక్కేది మనమే. అలా కాకుండా, ఆ ఇంట్లో ఉండబోయేవాళ్ళని ముందు అడిగి, ఆ తర్వాతే పెన్సిలు పట్టుకున్న ఆర్కిటెక్ట్ ఒకావిడ మన పొరుగున శ్రీలంకలో ఉండేది. పేరు మినెట్ డి సిల్వా.

ఆవిడ 1918లో కాండీలో పుట్టింది. తండ్రి జార్జ్ డి సిల్వా రాజకీయ నాయకుడు, సింహళ బౌద్ధుడు. తల్లి ఆగ్నెస్ క్రైస్తవురాలు, ఆడవాళ్ళ ఓటు హక్కు కోసం పోరాడిన మనిషి. 1931లో సిలోన్‌లో ఆ హక్కు వచ్చింది కూడా.

అప్పట్లో సిలోన్‌లో ఆర్కిటెక్చర్ నేర్పే కాలేజీ లేదు. అందుకని మినెట్ బొంబాయి వచ్చి జె.జె. స్కూల్ ఆఫ్ ఆర్ట్‌లో చేరింది. గాంధీగారిని విడుదల చేయాలన్న ఊరేగింపులో పాల్గొందని కాలేజీవాళ్ళు క్షమాపణ రాసిమ్మన్నారు. ఆమె రాయలేదు. పేరు కొట్టేశారు! అయినా చదువు వదల్లేదు. బెంగుళూరులో ఆర్కిటెక్ట్ కోనిగ్స్‌బర్గర్ దగ్గర పనిచేసి, తర్వాత లండన్ వెళ్ళి చదువు పూర్తిచేసింది. 1948లో బ్రిటిష్ ఆర్కిటెక్టుల రాయల్ ఇన్‌స్టిట్యూట్‌లో అసోసియేట్ అయిన తొలి ఆసియా మహిళ ఆమే. మన చండీగఢ్‌కు రూపమిచ్చిన లె కార్బూజియేతో చాలా ఏళ్ళు స్నేహం ఉన్నా, ఆయన కట్టడాలని తెచ్చి కాండీలో దించలేదు. మన ఎండ వేరు, మన వాన వేరు, మన బతుకు వేరు అనుకుంది.

కాండీ కొండవాలులో ఆమె కట్టిన మొదటి ఇల్లు చూసి ఊళ్ళో పెద్ద చర్చే జరిగింది. ఆడమనిషి గీసిన ప్లానా అని కాంట్రాక్టర్లకూ, అధికారులకూ అపనమ్మకం. ఆమె మాత్రం నేల వాలుని చదును చేయకుండా, ఆ వాలుకి తగ్గట్టే గదుల్ని మెట్లు మెట్లుగా అమర్చింది. చాపలల్లేవాళ్ళ పనితనాన్నీ, మట్టి పలకలు చేసేవాళ్ళ పనితనాన్నీ ఇంట్లోకి తెచ్చింది. కొలంబోలో మరో ఇంటిని స్తంభాల మీద లేపి, కింద గాలి ఆడే చోటు వదిలింది. మధ్యలో మన మండువాలాగా ఆకాశం కనిపించే ముంగిలి పెట్టింది. సిమెంటు వాడుతూనే పాత ఇళ్ళ చల్లదనాన్ని పోనివ్వలేదు.

ఆమె పనుల్లో నాకు అన్నిటికన్నా నచ్చింది కాండీ దగ్గరి వటపులువ కాలనీ. ప్రభుత్వోద్యోగుల కోసం 1958 నాటికి అక్కడ రెండువందలకు పైగా ఇళ్ళు లేచాయి. అందరికీ ఒకే అచ్చు గుద్దలేదు. ముందు ఆ కుటుంబాలకి ప్రశ్నలు రాసి పంపింది. ఎలా బతుకుతారు, ఏం కావాలి, ఎంత పెట్టుకోగలరు అని కనుక్కుని, కొన్ని రకాల నమూనాలు గీసి, ఎవరి అవసరానికి తగ్గట్టు వాళ్ళకి మార్చి ఇచ్చింది. సింహళీయులు, తమిళులు, ముస్లింలు అక్కడ ఇరుగుపొరుగులయ్యారు. 1958లోనే దేశంలో భాషా కల్లోలం రేగి ప్రాణాలు పోయాయని గుర్తు చేసుకుంటే, ఆ ఇరుగుపొరుగు ఎంత విలువైనదో అర్థమవుతుంది.

ఇంత చేసినా దక్కాల్సిన పేరు దక్కలేదు. ఆ తర్వాత వచ్చిన మగ ఆర్కిటెక్టులకే కీర్తి వచ్చింది. ఆమె కట్టిన ఇళ్ళలో చాలా వాటిని కూల్చేశారు. 1996లో శ్రీలంక ఆర్కిటెక్టుల సంస్థ బంగారు పతకం ఇచ్చేసరికి ఆమెకి డెబ్బై ఎనిమిదేళ్ళు. మరో రెండేళ్ళకి, 1998లో, కాండీలోనే ఒంటరిగా కన్నుమూసింది. తన జీవితం గురించి రాసుకున్న పుస్తకం అచ్చులో చూసుకునే భాగ్యం కూడా లేకపోయింది.

రేపు మీ ఇంటి ప్లాను బల్లమీద పరిచినప్పుడు కాఫీలిచ్చి లోపలికి వెళ్ళిపోకండి. కుర్చీ లాక్కుని కూర్చోండి. గాలి ఎటు, ఎండ ఎటు, వంటిల్లు ఎటు అని ఎవరూ అడక్కపోయినా మీరే చెప్పండి.