బాబీ జోన్సు

విశాలమైన పచ్చిక బయలులో చిన్న బంతిని కఱ్ఱతో కొట్టుచు, వరుసగా 18 గుంటలలో చేర్చుటయే గోల్ఫు ఆట. తక్కువ దెబ్బలతో ముగించినవానిదే గెలుపు. న్యాయనిర్ణేత ప్రతి ఆటగాని వెంట నడవడు. తన తప్పును తానే చెప్పుకొనవలెను. ఎదుటివాడు బంతిని కొట్టునపుడు మాటాడక, కదలక నిలుచుట, ఇసుకపల్లములో తన అడుగుజాడలను చదును చేసి పోవుట ఇందలి మర్యాదలు. ఈ మర్యాదలకు మారుపేరైన బాబీ జోన్సు చిన్ననాడు మిక్కిలి కోపిష్ఠి.

ఇతడు 1902 మార్చి 17వ తేదీన అమెరికాలోని అట్లాంటా నగరమున జన్మించెను. తండ్రి న్యాయవాది. 14 ఏండ్ల ప్రాయముననే జాతీయ స్థాయి పోటీలో ఆడెను. కాని దెబ్బ గుఱి తప్పినచో కఱ్ఱను విసరివేయుచుండెడివాడు. 1921లో స్కాట్లండునందలి సెయింట్ ఆండ్రూసులో జరిగిన ఓపెన్ పోటీలో, పదునొకండవ గుంట యొద్ద ఇసుకలో చిక్కుకొని, విసిగి, బంతిని చేతికెత్తుకొని ఆట విడిచెను. అందులకు ఆయన చిరకాలము సిగ్గుపడెను. పిమ్మట కోపమును అణచుకొనుట నేర్చెను. బంతిని కొట్టుటకంటె ఇదియే కష్టమై యుండును!

1930లో ఒకే యేట నాలుగు మహాపోటీలను గెలిచి, 28 ఏండ్లకే పోటీల నుండి విరమించెను. పోటీలాడినంత కాలము ధనమునకై ఆడలేదు. న్యాయవాద వృత్తి చేపట్టెను. గెలుపులను లెక్కించువారికి ఇవి చాలును. మనము తెలిసికొనవలసినది 1925 నాటి ఓటమి.

ఆ యేడు వూస్టరు పట్టణమున అమెరికా ఓపెన్ జరుగుచుండెను. మొదటి దినమున గడ్డిలో నున్న బంతిని కొట్టబోవునంతలో అది రవంత కదలెను. చూచినవారెవ్వరును లేరు. జోన్సు తానే ఆ సంగతి తెలిపి, తన లెక్కలో ఒక దెబ్బ అధికముగా వేసికొనెను. నిర్వాహకులు విచారించి, సాక్ష్యము దొరకక, నిర్ణయమును ఆయనకే విడిచిరి. ఆయన మాట మార్చలేదు. తుదకు విల్లీ మెక్‌ఫార్లేన్‌తో 291 దెబ్బలకు సమానుడై, మరల ఆడవలసివచ్చి, ఒక్క దెబ్బ తేడాతో ఓడెను. ఆ యొక్కటి వేసికొననిచో మొదటనే గెలిచియుండును. దీనికై జనులు పొగడగా ఆయన నొచ్చుకొనెను. దొంగతనము చేయనివానిని ఎవరైన మెచ్చుకొందురా యని ఆయన భావము.

1948 నుండి వెన్నుపాము వ్యాధి ఆయనను ఆటకు దూరము చేసెను. 1958లో సెయింట్ ఆండ్రూసు నగరము ఆయనకు గౌరవ పౌరత్వ మొసగెను. 1759లో బెంజమిన్ ఫ్రాంక్లిను తరువాత ఆ గౌరవము పొందిన రెండవ అమెరికనుడు ఈయన. 1971 డిసెంబరు 18న మరణించెను. అచ్చటి పాత మైదానమున పదవ గుంటకు ఆయన పేరు పెట్టిరి. దాని తరువాతిదే, కుర్రవాడైన జోన్సు ఆట విడిచిన పదునొకండవది.