లిలీ పార్

ఇంగ్లండు దేశమున, ఆనాడు లాంకషైర్ మండలమునకు చెందియుండిన సెయింట్ హెలెన్స్ అను పట్టణము కలదు. అది గాజు పరిశ్రమకు పేరు గాంచినది. 1905 ఏప్రిల్ 26వ తేదీన అచట ఒక గాజు కర్మాగారపు కూలివాని యింట లిలీ పార్ జన్మించెను. ఏడుగురు సంతానములో ఆమె నాలుగవది. కుట్టుపనియందు గాని వంటయందు గాని ఆమెకు మనసు నిలిచెడిది కాదు. అన్నదమ్ములతో కలిసి ఊరి బయళ్లలో బంతిని తన్నుటయే ఆమెకు వేడుక.

ఆ దినములలో ఆడపిల్ల ఫుట్‌బాలు ఆడుట లోకమునకు వింత. అయితే 1914లో మొదటి ప్రపంచయుద్ధము వచ్చి పురుషులు సైన్యమునకు తరలిపోగా, కర్మాగారములలో వారి పనులు స్త్రీలకు సంక్రమించెను. ప్రెస్టన్ పట్టణమున ట్రాము బండ్లు చేయు డిక్, కెర్ వారి కర్మాగారము యుద్ధసామగ్రిని తయారుచేయ నారంభించెను. అందు పనిచేయు యువతులు విరామ సమయమున ఆవరణలో బంతి ఆడెడివారు. ఆల్ఫ్రెడ్ ఫ్రాంక్లండ్ అను ఉద్యోగి వారి నేర్పును గమనించి, వారినొక జట్టుగా కూర్చెను. 1917లో క్రిస్టమస్ నాడు డీప్‌డేల్ మైదానమున ఆ జట్టు ఆడగా 10,000 మంది చూచిరి. వచ్చిన ధనము గాయపడిన సైనికుల వైద్యశాలకు చేరెను.

యుద్ధము ముగిసిన పిమ్మట ఫ్రాంక్లండ్ దృష్టి సెయింట్ హెలెన్స్ జట్టులో ఆడుచున్న లిలీపై పడెను. అప్పటి కామెకు పదునాలుగు పదునైదేండ్ల ప్రాయము. ఆమె ప్రెస్టన్ వచ్చి, కర్మాగారములో పనికి కుదిరి, జట్టులో చేరెను. మనిషి ఆజానుబాహువు, ఎత్తు ఆరడుగులకు కొంచెమే తక్కువ. మైదానపు ఎడమ అంచు ఆమె స్థానము. నాటి బంతి తోలుతో కుట్టినది. వాననీరు పీల్చినచో రాయివలె బరువెక్కును. అట్టి బంతిని ఎడమకాలితో ఆమె ఈ అంచునుండి ఆ అంచునకు పంపగలిగెడిది. స్త్రీ తన్నిన బంతి తన్ను దాటి పోదని ఒక పురుష గోల్‌కీపరు బింకములు పలికెననియు, ఆమె తన్నిన బంతిని ఆపబోయి చేయి విరుగగొట్టుకొనెననియు ఆ ప్రాంతమున ముచ్చటగా చెప్పుకొనెడివారు. చెప్పగా చెప్పగా కథ కొంత పెరిగియుండవచ్చును గాని, బంతి బలమును గూర్చి మాత్రము ఎవరికిని సందేహము లేదు.

1920 డిసెంబరు 26వ తేదీన లివర్‌పూల్ నగరములోని గుడిసన్ పార్కు మైదానమున డిక్, కెర్ జట్టు సెయింట్ హెలెన్స్ జట్టుతో తలపడెను. లిలీ ఆడవలసినది తన పుట్టినయూరి జట్టుమీదనే! 53,000 మంది లోపల కిక్కిరిసి కూర్చుండగా, చోటు చాలక వేలకొలది జనులు ద్వారముల వెలుపలనే నిలిచిపోయిరి. డిక్, కెర్ జట్టు 4 గోల్సుతో గెలిచెను. 3,000 పౌనులకు మించిన సొమ్ము ధర్మకార్యములకు సమకూడెను. ఇంగ్లండులో స్త్రీల ఆట చూచుటకు అంతకు మించిన జనసమూహము చేరుటకు మరల తొంబది యేండ్లకు పైగా పట్టినది. మరుసటి సంవత్సరమున ఆ జట్టు 67 ఆటలు ఆడగా, సుమారు 9 లక్షల మంది చూచిరని లెక్క.

ఈ ఆదరణ కొందరికి కంటగింపయ్యెను. 1921 డిసెంబరు 5వ తేదీన ఇంగ్లండు ఫుట్‌బాలు సంఘము ఒక తీర్మానము చేసెను. ఈ ఆట స్త్రీలకు తగదనియు, వసూలైన సొమ్ములో అధికభాగము ఖర్చులకే పోవుచున్నదనియు అందు పేర్కొని, తన పరిధిలోని క్లబ్బులేవియు స్త్రీలకు మైదానములు ఈయరాదని శాసించెను. లెక్కలపై అనుమానమున్నచో లెక్కలు తనిఖీ చేసిన సరిపోవును. అందులకు ద్వారములు మూయనేల? ఆడరాదని స్త్రీలను శాసించు అధికారము సంఘమునకు లేదు. కాని ప్రేక్షకులు కూర్చుండుటకు వసతులుగల మైదానములలో చాలభాగము ఆ క్లబ్బులవే. అవి మూతపడగా అనేక జట్లు కొలదికాలముననే చెదరిపోయెను.

లిలీకి అప్పటికి పదునారేండ్లు. ఆమె ఆట మానలేదు. 1922లో జట్టుతో ఓడనెక్కి అట్లాంటిక్ మహాసముద్రమును దాటెను. కెనడాలోని సంఘమువారు వారిని ఆడనీయలేదు. అమెరికాలో మాత్రము పురుషుల జట్లతో ఆడి, కొన్ని ఆటలు గెలిచిరి కూడ. తిరిగివచ్చిన పిమ్మట ఊరి పార్కులలోను, పొలముల ప్రక్క బయళ్లలోను, దొరికిన చోటనెల్ల ఆడిరి. కర్మాగారముతో సంబంధము తెగగా, 1926 నుండి వారిది ప్రెస్టన్ స్త్రీల జట్టుగా పిలువబడెను.

ఆట కూడు పెట్టదు గదా! లిలీ ప్రెస్టన్ సమీపముననున్న విటింగ్‌హామ్ మానసిక చికిత్సాలయమున నర్సు పని నేర్చి, క్రమముగా ఒక వార్డుకు పెద్దయయ్యెను. మానసిక రోగులకు పరిచర్య చేయుట ఎంతో ఓరిమి కోరు పని. వారమంతయు ఆ పని చేసి, సెలవు దొరికిన దినమున బూట్లు తొడిగి మైదానమునకు పోయెడిది. 1946లో జట్టునకు నాయకురాలయ్యెను. 1951లో, నలువదియారవ యేట, ఆట విరమించెను. అప్పటికామె చేసిన గోల్సు 900 దాటినవని చెప్పుదురు.

తరువాత ఆమె తన సహచరితో గూస్‌నార్గ్ గ్రామమున నివసించెను. 1967లో రొమ్ము క్యాన్సరునకు శస్త్రచికిత్స చేయించుకొని కోలుకొనెను. 1921 నాటి నిషేధము 1971 నాటికి గాని పూర్తిగా తొలగలేదు. అప్పటికామెకు అరువదియైదేండ్లు దాటినవి. తోటపని చేసికొనుచు గడపవలసిన వయసున మైదానములు తెరచినను ఆమెకేమి? 1978 మే 24వ తేదీన ఆమె మరణించెను. పుట్టినయూరిలోనే సమాధి చేసిరి.

2002లో జాతీయ ఫుట్‌బాలు ప్రదర్శనశాలవారు ప్రసిద్ధ క్రీడాకారుల వరుసలో లిలీ పార్ పేరు చేర్చిరి. ఆ గౌరవము పొందిన మొదటి స్త్రీ ఆమెయే. 2019లో మాంచెస్టరు నగరమున ఆమె విగ్రహమును నిలిపిరి. ఆమె పేరు చేర్చిన నాటికి ఆ ప్రదర్శనశాల ప్రెస్టన్‌లోని డీప్‌డేల్ మైదానముననే ఉండెను.