పోచంపల్లి నేల ఏటా 5 సెంటీమీటర్లు జరుగుతోంది.. ఖండాలు కదులుతాయని చెప్పి నవ్వులపాలైన వెగెనర్ ఎవరో తెలుసా?

భూదాన్ పోచంపల్లి అంటే ఇక్కత్ చీరలు గుర్తొస్తాయి. లేదంటే 1951 ఏప్రిల్ 18న వినోబా భావే అడిగితే వెదిరె రామచంద్రారెడ్డి 100 ఎకరాలు ఇచ్చిన సంగతి. అయితే ఆ 100 ఎకరాలు ఆ రోజు ఉన్నచోట ఇప్పుడు లేవు! ఎవరూ కబ్జా పెట్టలేదు. ఊరితో పాటు, నల్గొండ గుట్టలతో పాటు, మొత్తం దేశంతో పాటు ఈశాన్యం దిక్కుకు మూడున్నర మీటర్లకు పైనే జరిగాయి. ఖండాలు ఇలా కదులుతాయని వందేళ్ల కిందటే గట్టిగా చెప్పాడో జర్మన్. ఆ మాట నిజమని తేలకముందే మంచులో ప్రాణాలు వదిలాడు. ఆయనే ఆల్ఫ్రెడ్ వెగెనర్.

1880 నవంబర్ 1న బెర్లిన్‌లో పుట్టాడు. తండ్రి మతబోధకుడు. కొడుకు మాత్రం ఆకాశం వైపు చూశాడు. 1905లో ఖగోళశాస్త్రంలో డాక్టరేట్ తీసుకుని, ఆ వెంటనే వాతావరణ పరిశోధనలోకి దిగాడు. 1906లో అన్న కర్ట్‌తో కలిసి బెలూన్‌లో ఏకంగా 52 గంటలు గాల్లోనే ఉండి రికార్డు కొట్టాడు. అదే ఏడాది గ్రీన్‌లాండ్ వెళ్లాడు. ఆ యాత్రలో నాయకుడితో సహా ముగ్గురు చనిపోయినా, ఆ మంచు మీద మోజు ఆయనకు చివరిదాకా పోలేదు.

అసలు కథ 1910 చివర్లో మొదలైంది. అట్లాస్ తిరగేస్తుంటే దక్షిణ అమెరికా తూర్పు తీరం, ఆఫ్రికా పడమటి తీరం ఒకదానిలో ఒకటి ఇమిడేలా కనిపించాయి. అంతకుముందు కూడా కొందరు ఈ పోలిక గమనించారు. కానీ వెగెనర్ అక్కడితో ఆగలేదు. గ్లోసోప్టెరిస్ అనే పాతకాలపు మొక్క శిలాజాలు ఇండియాలో, ఆఫ్రికాలో, ఆస్ట్రేలియాలో, అంటార్కిటికాలో ఎలా దొరుకుతున్నాయి? మన సింగరేణి బొగ్గు పొరల్లో ఉన్నదీ ఆ కాలపు అడవే. ఎండలు మండే ఇండియాలో హిమనదాల గుర్తులేంటి? ఇవన్నీ ఒకప్పుడు కలిసే ఉండి తర్వాత విడిపోయాయన్నదే ఆయన జవాబు. 1912 జనవరి 6న ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఈ మాట బయటపెట్టాడు. మొదటి ప్రపంచయుద్ధంలో రెండుసార్లు గాయపడి, కోలుకుంటూనే 1915లో పుస్తకం తెచ్చాడు.

భూగర్భ శాస్త్రవేత్తలు మండిపడ్డారు. వాతావరణం చదివినోడికి రాళ్ల సంగతి ఎందుకన్నది ఒక కోపం. ఆ కోపాన్ని పక్కన పెట్టినా, వాళ్ల రెండో ప్రశ్నలో న్యాయముంది. ఇంత బరువైన ఖండాన్ని నెట్టే శక్తి ఏది? వెగెనర్ చెప్పిన శక్తులు చాలా చిన్నవి. పైగా గ్రీన్‌లాండ్ ఏటా మీటర్ల కొద్దీ జరుగుతోందని లెక్క వేశాడు. అది ఎంతో ఎక్కువ అంచనా. ఖండాలు సముద్రపు అడుగును చీల్చుకుంటూ పోతాయనుకోవడమూ పొరపాటే.

1930లో మళ్లీ గ్రీన్‌లాండ్. తీరానికి 400 కిలోమీటర్ల లోపల మంచు మధ్యలో పరిశోధన కేంద్రం. అక్కడున్న ఇద్దరికి చలికాలం సరుకులు అందాలి. సెప్టెంబర్‌లో బండ్లతో బయల్దేరితే చలికి తట్టుకోలేక దాదాపు అందరూ వెనక్కి తిరిగారు. వెగెనర్, లోవే, స్థానిక యువకుడు రాస్ముస్ విల్లుమ్‌సెన్.. ఈ ముగ్గురే 40 రోజులు నడిచి అక్టోబర్ 30న చేరారు. సరుకుల్లో చాలావరకు దారిలోనే వదిలేయాల్సి వచ్చింది. లోవే కాలివేళ్లు గడ్డకట్టిపోయాయి, జేబు కత్తితోనే తీసేయాల్సి వచ్చింది. ఐదుగురికి తిండి చాలదు. దాంతో నవంబర్ 1న, సరిగ్గా 50వ పుట్టినరోజున, వెగెనర్ విల్లుమ్‌సెన్‌ను తీసుకుని తిరుగుదారి పట్టాడు.

తీరానికి ఇద్దరూ చేరలేదు. 1931 మేలో సగం దారిలో వెగెనర్ మృతదేహం దొరికింది. మంచులో జాగ్రత్తగా పూడ్చి, గుర్తుగా స్కీ కర్రలు నాటి ఉన్నాయి. ఆ పని చేసిన విల్లుమ్‌సెన్ జాడ మాత్రం ఇప్పటికీ లేదు.

ఆయన పోయాక పాతికేళ్లకు సాక్ష్యం మన దక్కన్ నల్లరాళ్లలోనే దొరికింది. వికారాబాద్ వైపు కనిపించే రాళ్లు ఇవే. లావా గడ్డకట్టేటప్పుడు అందులోని ఇనుప ఖనిజాలు అప్పటి భూ అయస్కాంత దిశను పట్టి ఉంచుకుంటాయి. 1956లో బ్రిటిష్ పరిశోధకులు ఆ గుర్తులు చదివితే, ఆ లావా పొంగినప్పుడు ఇండియా భూమధ్యరేఖకు దక్షిణాన ఉందని తేలింది. 1960లలో సముద్రాల అడుగు కూడా విస్తరిస్తోందని రుజువైంది. ఖండమూ, సముద్రపు అడుగూ కలిసి ఒకే ఫలకంగా కదులుతాయని అప్పుడు అర్థమైంది. శక్తి సంగతీ తేలింది. లోపలి వేడి రాయి నెమ్మదిగా పారడం, చల్లబడి బరువెక్కిన ఫలకం అంచు కిందికి దిగుతూ మిగతా భాగాన్ని లాగడం.. ఇవే అసలు కారణాలు.

పోచంపల్లి కింద ఉన్నది సుమారు 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైట్. ఫలకం అంచుకు దూరం కాబట్టి హిమాలయాల్లో వచ్చేంత భూకంపాలు ఇక్కడ రావు. అలాగని అసలు రావనీ కాదు. 2024 డిసెంబర్ 4న ములుగు జిల్లాలో 5.3 తీవ్రతతో వచ్చిన ప్రకంపనలు హైదరాబాద్ దాకా తెలిశాయి. హైదరాబాద్‌లోని ఎన్‌జీఆర్‌ఐలో ఉన్న జీపీఎస్ కేంద్రం మన నేల కదలికను రోజూ కొలుస్తూనే ఉంది.