నాలుగవ బాల్డ్విన్ రాజు

బాల్యముననే సింహాసనమెక్కిన రాజులు చరిత్రమున పెక్కుమంది కలరు. కాని యెరూషలేమునేలిన నాలుగవ బాల్డ్విన్ వలె వ్యాధితోను, శత్రువులతోను, స్వజనుల కలహములతోను ఏకకాలమున పోరాడినవారు అరుదు.

ఇతడు 1161వ సంవత్సరమున జన్మించెను. తండ్రియగు అమాల్రిక్ రాజు కుమారుని విద్యకై విలియం అను పండితుని నియమించెను. బాలురు ఆటలో నొండొరుల చేతులు గోళ్లతో గిచ్చుకొనునపుడు తక్కినవారు కేకలు వేయుచుండ, బాల్డ్విన్ మాత్రము చలింపకుండెను. గురువు దీనిని మొదట ఓర్పని తలచెను. పిదప పరీక్షింపగా కుడిచేతియందు స్పర్శజ్ఞానము చాలవఱకు నశించినదని తెలిసెను. అదియే కుష్ఠవ్యాధికి తొలి చిహ్నము. నేడు మందులతో నయమగు ఆ వ్యాధికి ఆ కాలమున చికిత్స లేదు.

1174లో తండ్రి మరణింప, బాల్డ్విన్ పదుమూడవయేట పట్టాభిషిక్తుడయ్యెను. ఆ యేడే ఐగుప్తునకు ప్రభువైన సలాదీను దమస్కును గూడ వశపఱచుకొనెను. అందుచే ఆ చిన్నరాజ్యమునకు ఇరుప్రక్కల నొక్కడే ప్రబలశత్రువయ్యెను. 1177లో సలాదీను గొప్పసేనతో దండెత్తి వచ్చెను. పదునాఱేండ్ల రాజు కొలదిసేనతో అష్కెలోను కోట వెడలి, నవంబరు 25వ తేదీన మాంగిసార్ కడ, చెదరియున్న శత్రుసేనపై హఠాత్తుగా బడి జయము గాంచెను.

వ్యాధి మాత్రము జయింపబడలేదు. క్రమముగా కాలుసేతులు పట్టుదప్పెను, చూపు పోయెను. రాజ్యాధికారమునకై ప్రభువులు రెండు పక్షములైరి. 1183లో రాజు తన సోదరి సిబిల్లా భర్తయగు గై అనువానికి పరిపాలనభారము నప్పగించెను. గై సమర్థుడు కాడని గ్రహించి, ఆ యేడే అతనిని తొలగించి, పసివాడగు మేనల్లునికి పట్టముగట్టెను. అంతలో సలాదీను కెరక్ దుర్గమును ముట్టడించెను. గుఱ్ఱమెక్కలేని రాజు డోలిలో పరుండి సైన్యముతో పయనమయ్యెను. ఆ సైన్యము వచ్చుచున్నదని విని సలాదీను ముట్టడి విడిచి మరలిపోయెను.

1185లో, ఇరువదినాలుగేండ్లు నిండకయే బాల్డ్విన్ మరణించెను. మఱుసటియేట మేనల్లుడును మృతినొందగా గై రాజయ్యెను. 1187లో హత్తీను యుద్ధమున ఆ రాజ్యసైన్యము నాశమయ్యెను. అక్టోబరులో యెరూషలేము సలాదీను వశమయ్యెను.

విద్యార్థులారా! అంధుడును అంగహీనుడునైన రాజు బ్రదికియున్నంత కాలము నిలిచిన రాజ్యము, దేహదార్ఢ్యము గల ప్రభువుల చేతిలో రెండేండ్లకే కూలెను. దేహబలముకంటె కర్తవ్యనిష్ఠయు, పరస్పరైకమత్యమును రాజ్యమునకు గట్టి గోడలని ఈ యువరాజన్యుని చరిత్రము మనకు తెలుపుచున్నది.