కూపర్‌ను ఒంటరిగా వదలని ఇల్లు

విశాఖలో ఇంగ్లీషు కీర్తనలు పాడే సంఘాలకు విలియం కూపర్ పేరు కొత్త కాదు. రక్తపు ఊటను గూర్చిన కీర్తన ఆయనదే. దానిని రాసిన భక్తుడు తన ప్రాణం తానే తీసుకోబోయాడనీ, అదీ ఒక్కసారి కాదనీ మనలో చాలామంది ఎరుగరు.

కూపర్ 1731లో ఇంగ్లండులో ఒక పాదిరిగారి ఇంట పుట్టాడు. ఆరేళ్లకే తల్లి చనిపోయింది. హాస్టలు బడిలో తనకంటే పెద్దవాడి చేతిలో నానా హింసలు పడ్డాడు. న్యాయశాస్త్రం చదివాక, 1763లో ప్రభువుల సభలో మంచి ఉద్యోగం దొరకబోయింది. దానికి ముందు సభ ఎదుట పరీక్షకు నిలబడాలన్నారు. ఆ భయం నెలల తరబడి పెరిగి, చావే మేలనుకునేదాకా వచ్చింది. చావు అంచుదాకా వెళ్లి బ్రతికినవానిని ఇంటివారు సెయింట్ ఆల్బన్స్‌లోని డాక్టర్ నతానియేల్ కాటన్ వైద్యశాలలో చేర్చారు. అక్కడ ఏడాదిన్నర ఉన్నాడు. రోమా పత్రిక మూడవ అధ్యాయం చదివి క్షమాపణ నిశ్చయత పొందింది ఆ వైద్యశాలలోనే. ఆసుపత్రికి వెళ్తే విశ్వాసం లేనట్టే అని బోధించేవారు ఈ సంగతి గమనించాలి.

తర్వాత ఓల్నీ గ్రామంలో జాన్ న్యూటన్ సంఘ సహవాసంలోకి వచ్చాడు. న్యూటన్ ఒకప్పుడు బానిసల ఓడకు కెప్టెన్, ఆపైన లివర్‌పూల్ రేవులో సుంకం అధికారి. ఇద్దరూ కలిసి కీర్తనలు రాయసాగారు. 1773 జనవరిలో కూపర్ మళ్లీ కుప్పకూలాడు. దేవుడు తనను శాశ్వతంగా త్రోసివేశాడన్న తలంపు పట్టుకుంది. ఆ ఏడాదే మరల చావబోయాడు. ఇక గుడి మెట్లు ఎక్కలేదు.

గుడికి రానివానిని న్యూటన్ ఏం చేశాడు? ఇంటికి తెచ్చుకున్నాడు. కూపర్ ఏడాదికి పైగా పాదిరిగారి ఇంట్లోనే ఉన్నాడు. మేరీ అన్విన్ అనే విధవరాలు తల్లిలా కనిపెట్టుకుని ఉంది. కొంత తేరుకున్నాక తోటపని, వడ్రంగం చేశాడు, కుందేళ్లను పెంచాడు. మోకరించి ప్రార్థించలేని మనిషి కుందేలు పిల్లకు మేత పెట్టగలిగాడు. మేము దీన్ని చిన్న కృప అనుకోము. బదరీ వృక్షం క్రింద చావు కోరిన ఏలీయాకు కూడా దేవదూత ముందు రొట్టె, నీళ్లు ఇచ్చి నిద్రపోనిచ్చాడు.

కూపర్ చీకటి పూర్తిగా తొలగలేదు. అయినా ఆ తర్వాత ఇరవై ఆరేళ్లు బ్రతికాడు, గొప్ప కావ్యాలు రాశాడు. 1800లో జబ్బుచేసి, మంచం మీద కన్నుమూశాడు.

అప్పుల్లో మునిగిన ఉక్కు కార్మికుడు, పరీక్ష తప్పిన కుర్రాడు, కాన్పు తర్వాత ఏడుపు ఆగని తల్లి మన బెంచీల మీదే కూర్చుంటున్నారు. చచ్చిపోవాలనిపిస్తోందా అని సూటిగా అడగండి. అడిగినందువల్ల ఆ తలంపు పుట్టదు. అవునంటే వాక్యం అప్పగించి వెళ్లిపోకండి, ప్రక్కనే ఉండండి. చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. దానిని పిచ్చాసుపత్రి అనడం మానేద్దాం. తోడుగా వెళ్దాం. ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416 పగలూ రాత్రీ పనిచేస్తుంది, తెలుగులోనే మాట్లాడవచ్చు. ప్రాణాపాయమైతే 108కి ఫోన్ చేయండి. 2017 చట్టం తర్వాత పోలీసు కేసు భయంతో ఎవరూ దాచుకోనక్కరలేదు.

కాపరులు ఈ ఆదివారం ప్రకటనలలో ఆ నంబరు రెండుసార్లు చదవాలని మా మనవి.