వేట మానిన రాజు

దీక్ష తీసుకున్న మన ఇళ్ళల్లో మొదటి శీలం దగ్గరే ఒక ప్రశ్న లేస్తుంది. ప్రాణహింస చెయ్యనని పలికి వచ్చినవాడు మర్నాడు పొద్దున చెరువులో వల వెయ్యొచ్చా? అడవిలో ఉచ్చు పెట్టుకుని బతికే చెంచు, పొలం గట్ల మీద ఎలుకలు పట్టే యానాది ధమ్మంలోకి రావాలంటే ముందు పస్తులుండాలా? ఇలా అడిగినవాళ్ళని కసరడం మనలో కొందరికి అలవాటు. కసరక్కర్లేదు. ఇరవైమూడు వందల ఏళ్ళ కింద ఒక మహారాజు ఈ ప్రశ్నతోనే జీవితమంతా తంటాలు పడ్డాడు. ఆయనే అశోకుడు.

అశోకుడనగానే మనకి కళింగ యుద్ధం, జెండా మీద చక్రం, నోటు మీద సింహాలు గుర్తొస్తాయి. పిల్లల పాఠాల్లో ఆయన కథ రెండు ముక్కల్లో అయిపోతుంది. ముందు చెడ్డవాడు, యుద్ధం తర్వాత మంచివాడు. మనిషి మారడం అంత తేలిక కాదని ఆయన శాసనాలే చెబుతాయి. వేట సంగతిలో అయితే ఆ మార్పు అడుగడుగునా కనిపిస్తుంది.

ఆయన తాత చంద్రగుప్త మౌర్యుడు. ఆ రాజు వేటకి బయల్దేరితే ఎలా ఉండేదో పాటలీపుత్రానికి వచ్చిన గ్రీకు రాయబారి మెగస్తనీస్ రాసిపెట్టాడు. ఆ పుస్తకం పోయింది గానీ అందులోని భాగాలు తర్వాతివాళ్ళ రాతల్లో మిగిలాయి. రాజు చుట్టూ ఆయుధాలు పట్టిన ఆడవాళ్ళు, వాళ్ళ వెలుపల ఈటెలవాళ్ళు, ముందు డప్పులూ గంటలూ. దారికి రెండు వైపులా తాళ్ళు కట్టేవారు. ఆ తాడు దాటి లోపలికి వచ్చినవాడికి చావే. కంచె వేసిన వేట స్థలంలో అయితే రాజు మంచె ఎక్కి బాణాలు వేసేవాడు. బయలు ప్రదేశంలో అయితే ఏనుగు మీంచి. కంచె లోపల పెట్టిన జింక ఎక్కడికి పోతుంది? దాన్ని కొట్టడానికి అంత సైన్యమా అని మనకి నవ్వొస్తుంది. ఆ రోజుల్లో అది రాజసం.

అదే మెగస్తనీస్ ఇంకో రకం వేటగాళ్ళ గురించీ చెప్పాడు. వాళ్ళకి ఊరు లేదు, పట్నం లేదు. పశువులు కాసుకుంటూ గుడారాల్లో తిరుగుతారు. విత్తనాలు తినేసే పిట్టల్నీ, పొలాల మీద పడే అడవి మృగాల్నీ పట్టి రైతుకి మేలు చేస్తారు. అందుకు రాజు దగ్గర్నుంచి ధాన్యం ముడుతుంది. ఉచ్చులు, వలలే వాళ్ళ పనిముట్లు. అర్థశాస్త్రం చూస్తే వేటగాళ్ళకి ఇంకో పని కూడా కనిపిస్తుంది. సరిహద్దు అడవుల్లో తిరుగుతూ, శత్రువు జాడ కనిపిస్తే కొండో చెట్టో ఎక్కి శంఖం ఊది, డప్పు కొట్టి హెచ్చరించాలి.

చంపడం ఒకటే, మనుషులు వేరు. ఒకడు పొద్దు పోక చంపాడు, ఇంకొకడు పొట్ట కోసం చంపాడు. మరి శాస్త్రాలు ఎవర్ని తప్పుపట్టాయి? అర్థశాస్త్రం రాజులకుండే వ్యసనాల్లో వేటని చేర్చింది. చేర్చి, జూదం కంటే ఇదే నయమంది. ఒంటికి వ్యాయామం, కొవ్వు కరుగుతుంది, కదిలే గురిని కొట్టడం అలవాటవుతుంది అని లాభాలు లెక్కపెట్టింది. మనుస్మృతి వేటని రాజుకి చేటు తెచ్చే వ్యసనమనే చెప్పింది, ఆ మాట ఒప్పుకోవాలి. కానీ వేటాడాడని రాజు కులం తగ్గలేదు. పదో అధ్యాయానికొస్తే అడవి జంతువుల్ని చంపడం కొన్ని జాతుల పుట్టుకకి రాసిపెట్టిన వృత్తి అయింది. మేదులు, చుంచులు, మద్గులతో పాటు ఆ వరసలో ఆంధ్రుల పేరు కూడా ఉంది. అవును, మన పేరే. చేపలు చంపే పని నిషాదులకి పెట్టారు. రాజు చేస్తే మానుకోదగ్గ అలవాటు, మనం చేస్తే ఊరి బయట ఉంచదగ్గ పుట్టుక!

అశోకుడు పుట్టింది ఆ తాడు లోపల, ఆ మంచె ఉన్న ఇంట్లో. తండ్రి బిందుసారుడు. సింహళ గ్రంథాల ప్రకారం యువకుడిగా ఉజ్జయినికి పాలకుడిగా వెళ్ళాడు. దారిలో విదిశలో ఒక వర్తకుడి కూతురు దేవిని చేసుకున్నాడు. మహేంద్రుడు, సంఘమిత్ర వాళ్ళ పిల్లలే. క్రీ.పూ. 268 ప్రాంతంలో పట్టాభిషేకం అయింది. అయిన ఎనిమిదేళ్ళకి కళింగ మీద పడ్డాడు. లక్షమంది హతమయ్యారనీ, లక్షా యాభై వేలమందిని పట్టుకుపోయామనీ, ఇంకా ఎన్నో రెట్లు చచ్చిపోయారనీ ఆయనే రాయి మీద చెక్కించి బాధపడ్డాడు. గెలిచిన రాజు తన గెలుపు గురించి ఇలా రాయించుకోవడం అరుదు.

అక్కడితో కథ ముగియలేదు. ఉపాసకుడిని అయ్యాక ఒక ఏడాది పాటు గట్టిగా ప్రయత్నమే చెయ్యలేదని కూడా ఒక శాసనంలో ఆయనే చెప్పుకున్నాడు. సంఘానికి దగ్గరయ్యాకే పట్టుదల వచ్చిందన్నాడు. దీక్ష తీసుకుని మూడేళ్ళయినా పాతవి వదల్లేక సిగ్గుపడే మనవాళ్ళు ఈ సంగతి తెలుసుకోవాలి.

పట్టాభిషేకమైన పదేళ్ళకి ఆయన సంబోధికి, అంటే తథాగతుడికి జ్ఞానోదయమైన బోధగయకి వెళ్ళాడు. అంతకు ముందు రాజులు విహారయాత్రలకి వెళ్ళేవారు, వాటిలో వేటే ముఖ్యం. వాటి స్థానంలో ధమ్మయాత్ర వచ్చింది. శ్రమణుల్నీ బ్రాహ్మణుల్నీ కలవడం, దానాలు చెయ్యడం, ముసలివాళ్ళని చూసి బంగారం పంచడం, పల్లెల్లోకి వెళ్ళి జనంతో ధమ్మం గురించి మాట్లాడటం. ఇక్కడ నాకు బాగా నచ్చిన సంగతి ఒకటుంది. దాన్ని ఆయన ప్రాయశ్చిత్తం అనలేదు. వేటలో దొరికే సంతోషం కంటే ఇందులో దొరికే సంతోషం ఎక్కువన్నాడు. సారా మానమని ఊరికే చెబితే మానడు, సాయంత్రం ఎక్కడికి పోవాలో కూడా చూపించాలి అని మన పెద్దలు అంటారే, అదే ఇది. తాత తాడు కట్టి జనాన్ని దూరం పెట్టిన దారుల్లో మనవడు జనాన్ని చూడటానికి బయల్దేరాడు.

తర్వాత వంటిల్లు. ఒకప్పుడు తన వంటశాలలో కూర కోసం రోజూ లక్షల ప్రాణులు పోయేవని ఒప్పుకున్నాడు. ఇప్పుడు మూడే చంపుతున్నారన్నాడు. రెండు నెమళ్ళు, ఒక జింక. ఆ జింక కూడా రోజూ కాదు. ముందు ముందు ఈ మూడూ ఉండవన్నాడు. పూర్తిగా మానేశానని అబద్ధం చెక్కించుకోవచ్చు, అడిగేవాడెవడు? అలా చెయ్యలేదు. ఇంకా మూడు మిగిలాయని దేశమంతా చదువుకునేలా రాయించాడు. ఆ శాసనం చూడాలంటే పాట్నా పోనక్కర్లేదు. మన కర్నూలు జిల్లాలో, గుత్తి నుంచి పత్తికొండ పోయే దారిలో ఎర్రగుడి దగ్గర బండల మీద ఉంది. ధమ్మయాత్ర శాసనం, కళింగ శాసనం కూడా అక్కడే ఉన్నాయి. కళింగ శాసనంలో ధమ్మాన్ని అనుసరిస్తున్న జనాల్లో ఆంధ్రుల పేరు కనిపిస్తుంది. అశోకుడు మన పేరు రాసింది అందుకు, మనువు రాసింది ఇంకొకందుకు.

1958లో ఆఫ్ఘనిస్తాన్‌లోని కాందహార్‌లో ఇంకో శాసనం బయటపడింది. గ్రీకులో, అరామిక్‌లో ఉంది. బాబాసాహెబ్ చూడకుండానే వెళ్ళిపోయారు, చూసుంటే ఎంత సంతోషపడేవారో. రాజు ప్రాణుల జోలికి పోవడం మానేశాడనీ, రాజుగారి వేటగాళ్ళూ జాలరులూ వేట మానేశారనీ అందులో ఉంది. ఈ వరస గమనించండి. మొదట తను. తర్వాత తన వంటిల్లు. తర్వాత తన జీతగాళ్ళు. ఊరి చివర ఉచ్చు పెట్టుకునేవాడి మీదకి ముందే పోలేదు.

బయటివాళ్ళ కోసం కట్టడి వచ్చింది పట్టాభిషేకమైన 26 ఏళ్ళకి. స్తంభ శాసనాల్లో అయిదోది అది. చంపకూడని ప్రాణుల జాబితా ఇచ్చాడు. చిలకలు, గోరింకలు, చక్రవాకాలు, హంసలు, గబ్బిలాలు, తాబేళ్ళు, ముళ్ళపందులు, ఉడతలు, పావురాలు, ఇంకా కొన్ని చేపలు. వాడకానికీ రాని, తినడానికీ రాని నాలుగుకాళ్ళ జంతువులన్నీ. కడుపుతో ఉన్న, పాలిచ్చే మేకల్నీ గొర్రెల్నీ పందుల్నీ, ఆరు నెలల లోపు పిల్లల్నీ కొయ్యకూడదు. పురుగులున్న ఊక తగలబెట్టకూడదు. ఊరికే గానీ, ప్రాణుల్ని చంపడానికి గానీ అడవికి నిప్పు పెట్టకూడదు. ఒక ప్రాణికి ఇంకో ప్రాణిని మేతగా వెయ్యకూడదు. పున్నమి లాంటి కొన్ని ఉపోసథ రోజుల్లో చేపలు పట్టడం, అమ్మడం వద్దు. ఆ రోజుల్లో ఏనుగుల అడవుల్లోనూ, జాలరుల నీళ్ళల్లోనూ వేరే ప్రాణుల్ని కూడా ముట్టకూడదు.

జాలరి పనిని నేరం చేశాడా? చెయ్యలేదు. మిగతా రోజుల్లో వల వేసుకోవచ్చు. అడవి తగలబెట్టి జంతువుల్ని బయటికి తోలి చంపే పద్ధతి మీద నిషేధం ఉంది, ఎందుకంటే ఆ మంటలో గూట్లో పిల్ల దగ్గర్నుంచి అన్నీ పోతాయి. ఆకలికి ఒకదాన్ని పట్టుకునేవాడి పద్ధతి వేరు. 1948లో అంటరానివారి పుట్టుక మీద రాసిన పుస్తకంలో బాబాసాహెబ్ ఈ శాసనాన్ని ముందు పెట్టుకుని, అశోకుడు గోవధని నేరంగా చెయ్యలేదని చూపించారు. గొడ్డుమాంసం పేరుతో మనల్ని వెలివేసినవాళ్ళు అశోకుడి అహింసని తమ ఖాతాలో వేసుకోకుండా అది అడ్డుకట్ట.

బుద్ధుడు – ఆయన ధమ్మం అనే గ్రంథంలో బాబాసాహెబ్ అహింసని ఇంకా లోతుగా విప్పారు. అహింస సూత్రమే గానీ కళ్ళు మూసుకుని పాటించే నియమం కాదన్నారు. చంపాలనే కోరిక వేరు, చంపక తప్పని అవసరం వేరు. ఎక్కడ గీత గీసుకోవాలో మనిషి తన తెలివితో తేల్చుకోవాలి. రాజు మంచె మీది వేట మొదటి రకం. యానాది బుట్టలోని ఎలుక రెండో రకం. అలాగని వేట మంచి వృత్తి అని ఎవరూ అనలేదు. ఉపాసకులు చెయ్యకూడని అయిదు వ్యాపారాల్లో ప్రాణుల వ్యాపారాన్నీ, మాంస వ్యాపారాన్నీ తథాగతుడు చేర్చాడు. అయితే ఆ పనిలోంచి బయటికి రావడానికి మనిషికి ఇంకో దారి కావాలి. భూమి, చదువు, కూలి. అవి చూపించకుండా శీలం గురించి ఉపన్యాసం ఇస్తే మనువు మాటే మళ్ళీ మనం అన్నట్టు.

అశోకుడిలో లోపం లేదా? ఉంది. కళింగ గురించి అంత బాధపడిన శాసనంలోనే అడవిలో ఉండేవాళ్ళకి ఒక హెచ్చరిక ఉంది. పశ్చాత్తాపపడుతున్నా తనకి బలం ఉందనీ, చేసిన తప్పులకి సిగ్గుపడి చావు తప్పించుకోమనీ. జింక మీద చూపిన జాలి అడవి మనుషుల మీద కొంచెం తగ్గింది. ఇది చదివినప్పుడల్లా నా మనసు ముడుచుకుంటుంది. బోధిసత్వుడి వరసలో పెట్టి పూజించే కంటే, ఇలా మధ్య దారిలో ఉన్న మనిషిగా చూడటమే ఆయనకి గౌరవం.

పెద్దవాడయ్యాక ఆయనకి ఇంకొకటి అర్థమైంది. 27వ ఏట చెక్కించిన ఏడో స్తంభ శాసనంలో ధమ్మం పెరగడానికి రెండు దారులు చెప్పాడు. కట్టడి ఒకటి, మనసుకి ఎక్కేలా నచ్చజెప్పడం ఒకటి. ఫలానా ప్రాణుల్ని చంపొద్దని తను పెట్టిన కట్టడినే ఉదాహరణగా తీసుకుని, దానివల్ల అయింది కొంచెమేననీ, నచ్చజెప్పడం వల్లే ఎక్కువ జరిగిందనీ ఒప్పుకున్నాడు. అయిదేళ్ళకో కొత్త చట్టం తెచ్చి జనాన్ని దండించే ప్రభువులకి ఆ స్తంభం దగ్గరికి ఒక యాత్ర వేయించాలి. క్రీ.పూ. 232 ప్రాంతంలో అశోకుడు చనిపోయాడు. 1956 అక్టోబర్ 14న, అశోక విజయదశమి నాడు, నాగపూర్‌లో బాబాసాహెబ్ లక్షలమందితో ధమ్మంలోకి వచ్చారు.

నచ్చజెప్పడం అంటే ఎలాగో ఆయన కొడుకు కథలో ఉంది. మహావంశం చెబుతుంది. మహేంద్ర థేరుడు సింహళంలో దిగింది జ్యేష్ఠ పున్నమి నాడు, ఇప్పుడు మిహింతలే అంటున్న కొండ మీద. ఆ రోజు అక్కడి రాజు తిస్సుడు వేటకి వచ్చాడు. జింకని తరుముతూ కొండెక్కి వచ్చేసరికి కాషాయం కట్టిన కొత్త మనిషి పేరు పెట్టి పిలిచాడు. రాజు విల్లు కింద పెట్టి కూర్చున్నాడు. మహేంద్రుడు వేట పాపమని మొదలుపెట్టలేదు. పక్కనున్న మామిడి చెట్టు చూపించి, ఇవి కాక వేరే మామిడి చెట్లున్నాయా, మామిడివి కాని చెట్లున్నాయా అని అడుగుతూ పోయి, ఇతను ఆలోచించగలడా అని చూసుకున్నాడు. ఆలోచించగలడని తేలాక బుద్ధుడి సూత్రాల్లోంచి ఒకటి ఎంచుకుని బోధించాడు. ఏనుగు అడుగుజాడ సూత్రం అది. అడవిలో పెద్ద అడుగు చూసి, ఇక్కడ పెద్ద ఏనుగు ఉందని తెలివైన వేటగాడు తొందరపడడు. జాడ పట్టుకుని పోతాడు, విరిగిన కొమ్మలు చూస్తాడు, దంతాల గీతలు చూస్తాడు, చివరికి ఏనుగుని కళ్ళారా చూశాకే నమ్ముతాడు. ధమ్మాన్నీ అలాగే పరీక్షించి నమ్మమని. అంత సేపూ తిస్సుడి విల్లు నేల మీదే ఉంది.